బుల్లోడు, సిట్టి, మధ్యలో నేను పెట్టిన సంతకం

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకో జబ్బు ఉండేది. ఎవరైనా "డాక్టరమ్మా" అని పిలిస్తే, నేను డాక్టరమ్మని కానని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసేసుకునేదాన్ని. నరసన్నపేటలో పది పాసై, రెండేళ్లు పశువుల డిప్లొమా చదివి, పరీక్ష రాసి, గ్రామ సచివాలయంలో పశువుల అసిస్టెంటుగా చేరానంతే. ఆవుకి సూది వెయ్యడం, గొర్రెలకి నట్టల మందు పట్టించడం, కోళ్లకి తెగులు రాకుండా కంట్లో చుక్కలు వెయ్యడం, ఇవీ నాకొచ్చిన విద్యలు. కానీ శృంగవరపుకోట దాటి కొండల వైపు పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో, తెల్లకోటు వేసుకున్న ఇరవై రెండేళ్ల పిల్ల స్కూటీ దిగితే డాక్టరమ్మ కాక ఇంకేమవుతుంది? మా అమ్మకి ఫోన్ చేసి "ఈవేళ ఓపీ చాలా ఎక్కువమ్మా, అన్నం తినడానికి కూడా టైం లేదు" అని చెప్పుకున్న రోజులున్నాయి (ఓపీ అంటే ఆ రోజు నాలుగు మేకలు, ఒక గేదె. గేదె కూడా పక్క ఊరిది, దారి తప్పి వచ్చింది). అంత పొగరు మీదున్న మనిషిని దేవుడు ఊరికే వదుల్తాడా? ఉడుముల్ని పంపించాడు.

ఆ ఊళ్లో అందరూ ఎండుచేపలప్ప అని పిలిచే ఆవిడ ఉండేది. అప్ప అంటే మా వైపు అక్క. అరవై దాటినా ఊరందరికీ అప్పే. సముద్రం ఒడ్డున పుట్టి, పెళ్లయ్యాక కొండల దగ్గరకొచ్చింది. మొగుడు పోయాక కూడా పుట్టింటి నుంచి ఎండు నెత్తళ్లు తెప్పించుకుని సంతల్లో అమ్ముకుంటూ తన బతుకు తను బతికేది. పిల్లల్లేరు. లేరని మనం అనుకోవాలి గాని ఆవిడ ఒప్పుకోదు. పెరట్లో ఇటుకలతో కట్టిన కోళ్లగూట్లో ఆవిడకి ఒక కొడుకూ ఒక కోడలూ ఉన్నారు. ఇద్దరూ ఉడుములే.

మరుగుదొడ్డికి గొయ్యి తవ్విస్తుంటే పుట్ట పగిలి ఒక పిల్ల బయటపడిందట. బల్లి గావాల అనుకుని నెత్తళ్ల ముక్క వేసింది (బల్లి మూరెడు పెరిగాక గాని అనుమానం రాలేదట). ఆర్నెల్లకి ఆవిడ తమ్ముడు, వాళ్ల జీడితోటలో దొరికిందని ఇంకో పిల్లని బుట్టలో పెట్టి తెచ్చిచ్చాడు. ఇక అప్ప లెక్క అప్ప కట్టేసింది. తనింట్లో దొరికింది గనక మొదటిది కొడుకు, వాడి పేరు బుల్లోడు. తమ్ముడింటి నుంచి వచ్చింది గనక రెండోది మేనకోడలు, దాని పేరు సిట్టి. మేనరికం కుదిరిపోయింది. సిట్టి మెడలో ఎర్రపూసల దండ కూడా పడింది. నేను ఒకసారి, "మగదీ ఆడదీ అని ఎలా పోల్చావప్పా?" అని అడిగితే నన్ను జాలిగా చూసింది. "పోల్సడానికేటున్నాదమ్మా? నా ఇంటిదైతే కొడుకు, నా తమ్ముడింటిదైతే కోడలు. ఇంకెలాగుంటాది?" అంది. నవ్వొచ్చింది గాని నేనేం తక్కువ? నేను పుట్టిన రోజున మా మేనత్త ఉయ్యాల దగ్గరకొచ్చి "నా కోడలొచ్చింది" అందట. వాళ్లబ్బాయికి అప్పటికి ఇంకా నిక్కరు కట్టుకోవడం కూడా రాదు. (ఆ సంబంధం తప్పించుకోవడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ.)

చిక్కంతా ఒక వీడియోతో వచ్చింది. అరకు పోయే కుర్రాళ్లు ఎవరో టీ కోసం ఊళ్లో ఆగారు. అప్ప ఒళ్లో కూర్చుని నెత్తళ్లు తింటున్న బుల్లోడిని చూసి, వీడియో తీసి నెట్లో పెట్టేశారు. నాలుగో రోజుకి అడవి శాఖ జీపు వచ్చి అప్ప గుమ్మంలో ఆగింది. రేంజరు గారు మంచాయన. అరుపులూ కేకలూ లేవు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, మెల్లిగా చెప్పారు. "అమ్మా, పులిని పెంచితే ఎంత నేరమో ఉడుముని పెంచినా అంతే నేరం. జైలుకి పంపించేస్తారు."

"పులేటి బాబూ! ఇది నెత్తళ్లు తింటాది" అంది అప్ప.

నీ అంతట నువ్వే అప్పగించినట్టు రాస్తాను, కేసు లేకుండా చూస్తాను అన్నారాయన. కానీ ఉడుములు మాత్రం ఇక్కడ ఉండటానికి వీల్లేదు. పట్నంలో జూ వాళ్ల దగ్గర ఒక గది ఖాళీగా ఉంది. రెండూ జతైతే తీసుకుంటారు. రెండూ ఆడవైనా సర్దుకుంటాయి, తీసుకుంటారు. రెండూ మగవైతే మాత్రం పెద్దయ్యాక కొట్టుకుంటాయి గనక వద్దంటారు. అప్పుడు ఒకదాన్ని ఈ కొండ మీద, ఇంకోదాన్ని ఆవలి కొండ మీద వదిలేయాలి.

అప్ప రేంజరు గారికి ఎదురొచ్చి నిలబడింది. "అడివిలో ఒగ్గీస్తారా? బాబూ, ఆటికి మనిషంటే బయం తెల్దు. సేపల వాసనున్న సెయ్యి కనిపిస్తే ఎదురెల్లిపోతాయి. ఆ సేతిలో కత్తున్నా ఎల్లిపోతాయి" అంది. అక్కడున్న అందరికీ తెలుసు ఆవిడ అబద్ధం చెప్పడం లేదని. ఉడుము మాంసం తింటే నడుం నొప్పి పోతుందని నమ్మేవాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువేం కాదు. పిలిస్తే పరిగెత్తుకొచ్చే ఉడుము అడవిలో రెండు రోజులు కూడా బతకదు.

రేంజరు గారు తలొంచుకుని ఫారం తీశారు. అందులో ఒక గడి. ఆడ, మగ. "ఇది మాకు తెలిసే విషయం కాదమ్మా. మీ ఊళ్లో పశువుల డాక్టరమ్మ ఉందట కదా, ఆవిడ చూసి సంతకం పెడితే చాలు" అన్నారు. జనమంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. మీరే చెప్పండి, అప్పుడు నేనేం అనాలి? నాకు తెలీదండీ, మా సిలబస్‌లో ఉడుము లేదు అనాలి. నేనేమన్నాను? కోటు సర్దుకుని, "రేపు పరీక్ష చేసి చెప్తాను సార్" అన్నాను.

ఆ సాయంత్రం డిప్లొమా నోట్సులన్నీ తిరగేశాను. ఆవు ఉంది, గేదె ఉంది, పంది ఉంది, ఈము పక్షి కూడా ఉంది. ఉడుము లేదు. పొద్దున్నే ఊళ్లోకి వెళ్లేసరికి సలహాలు సిద్ధంగా ఉన్నాయి. మేకలు కాసే తాత "తల పెద్దదైతే మగది, అంతే" అన్నాడు. సరే అని టేపు పెట్టి కొలిస్తే రెండు తలలూ ఒకటే. "అయితే ఎక్కువ సోకు సేసేది ఆడది" అన్నాడు. పక్కింటి పాస్టరయ్య గారు చాలాసేపు ఆలోచించి, "బైబిల్లో జలప్రళయం అప్పుడు ఓడలోకి అన్నిటినీ ఆడా మగా జతలుగానే ఎక్కించారు కదమ్మా. మరి ఉడుముని ఎలా పోల్చారో ఎక్కడా రాయలేదు. నాకూ ఎప్పట్నుంచో అదే అనుమానం" అన్నారు. మనిషి నిజంగానే బాధపడ్డారు.

ఇక మిగిలింది ఫోను. మా సచివాలయం మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడితే గాని సిగ్నల్ రాదు. అక్కడ నిలబడి వెతికితే ఒక తెల్లాయన వీడియో దొరికింది. చేతికి తోలు తొడుగులు వేసుకుని, ఉడుముని ఒళ్లో పెట్టుకుని, తోక మొదట్లో బొటనవేలితో ఇలా నొక్కండి, లోపల్నుంచి రెండు వైపులా ఎర్రగా పొడుచుకొస్తే అది మగది అన్నాడు. "కానీ..." అన్నాడు. అంతే, బొమ్మ గిర్రున తిరగడం మొదలెట్టింది. పది నిమిషాలు ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. ఆ తెల్లాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కింద రేంజరు గారి జీపు హారన్ కొట్టింది. కానీ తర్వాత ఏముంటుందిలే, కానీ జాగ్రత్తగా నొక్కండి అంటాడు, అంతకంటే ఏముంటుంది అనుకుని దిగిపోయాను.

ఆ పరీక్ష సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ముందు బుల్లోడు. పట్టుకోబోతే వాడే నన్ను పట్టుకున్నాడు. ఉడుంపట్టు ఉడుంపట్టు అని నేనూ వెయ్యిసార్లు అని ఉంటాను, దాని అర్థం ఆ రోజే తెలిసింది. నా చున్నీలో నాలుగు కాళ్ల గోళ్లూ దించి, కళ్లు మూసుకుని పడుకున్నాడు. పీకుతుంటే చున్నీ చిరుగుతోంది గాని వాడు రావడం లేదు. అప్ప వచ్చి వీపు నిమిరి, "ఒరే బుల్లోడా, డాక్టరమ్మని అల్లరెట్టకురా నాయనా, ఒగ్గీ" అంటే అప్పుడు వదిలాడు. ఈలోగా సిట్టి తోకతో ఫారెస్టు గార్డు పిక్క మీద ఒక్కటిచ్చింది. ఆయన పెట్టిన కేకకి రెండిళ్లవతల చంటిపిల్ల లేచి ఏడ్చింది. చివరికి నేను ఊపిరి బిగబట్టి, తెల్లాయన చూపించిన చోట నొక్కాను. ముందు నా కోటు పాడైంది (నెత్తళ్లు తిన్న ఉడుము కడుపులో ఏముంటుందో వివరంగా చెప్పను, మీరు భోజనం చేస్తూ ఉండొచ్చు). రెండోసారి నొక్కితే రెండు వైపులా ఎర్రగా ఏదో తొంగిచూసి లోపలికెళ్లిపోయింది. మగది! నా గుండె ఆనందంతో కొట్టుకుంది. తర్వాత సిట్టిని నొక్కాను. దానికీ రెండు వైపులా ఎర్రగా తొంగిచూసి లోపలికెళ్లిపోయింది.

ఊరంతా చుట్టూ ఉంది. "ఏటైనాదమ్మా?" అంది అప్ప.

"రెండూ మగవే" అన్నాను.

"అదేటమ్మా! నా కోడల్ని మగోడ్ని సేసీసినావేటి?" అని అప్ప నోరెళ్లబెట్టింది. వెంటనే తమ్ముడి జీడితోటా, మేనరికమూ, వరసా అంతా రేంజరు గారికి మొదట్నుంచి చెప్పుకొచ్చింది. పాపం ఆయన చివరిదాకా విన్నారు. "వరసలు ఫారంలో రాయడానికి వీలుండదమ్మా" అని కాగితం నా ముందు పెట్టారు. నాలో ఎక్కడో ఒక అనుమానం కలుక్కుమంది. కానీ అంతమంది ముందు, పాడైన కోటుతో, చిరిగిన చున్నీతో నిలబడి, ఇప్పుడు ఏమో అంటే ఏం బాగుంటుంది? మగ రెండు అని రాసి, సంతకం పెట్టి, పక్కన ముద్ర కూడా కొట్టాను. ముద్ర ఎవరూ అడగలేదు.

సాయంత్రం శృంగవరపుకోటలో నా అద్దె గదికి వస్తూ, బజార్లో అరటిపళ్లు కొందామని ఆగాను. సిగ్నల్ వచ్చి ఫోన్లో వీడియో దానంతటదే నడవడం మొదలెట్టింది. పొద్దుట నోరు తెరిచి ఆగిపోయిన తెల్లాయన అక్కడ మాట పూర్తి చేశాడు. "కానీ ఆడవాటికి కూడా సరిగ్గా ఇలాగే వస్తుంది. కాబట్టి దీన్ని మాత్రం నమ్మకండి." పళ్లబండి పక్కనే నిలబడిపోయాను. పళ్లమ్మ "గుంటా, డజనా అరడజనా?" అని మూడుసార్లు అడిగిందట, నాకు వినబడలేదు (గుంట అంటే మా వైపు ఆడపిల్ల).

అప్పుడు నాకేమనిపించిందో దాచకుండా చెప్తాను. ముందు వచ్చిన ఆలోచన అప్ప గురించి కాదు, ఉడుముల గురించీ కాదు. ఇది ఎవరికీ తెలియదు కదా అన్నది మొదటి ఆలోచన. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సంతకం పెట్టిన కాగితం తప్పని నేనే చెప్పుకుంటే పైవాళ్లు ఊరుకుంటారా? ఊళ్లో డాక్టరమ్మ అంటారా ఇక? ఉడుములు వచ్చి ఫిర్యాదు చెయ్యవు. ఇలా నాకు నేను చాలా నచ్చజెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్న జీపు వచ్చింది. గార్డు రెండు పెట్టెలు దింపాడు, రెండు కొండలకి రెండు. నేను వెళ్లకుండా ఉండలేక వెళ్లి, మూల నిలబడ్డాను. అప్ప ఏడవడం లేదు. రెండింటికీ పసుపు నీళ్లు పోసి తుడిచింది. సిట్టి మెడలో పూసల దండ విప్పేసి, "మగోడివట కదరా, ఇన్నాళ్లూ దండేసి నీ పరువు తీసినాను" అని ముద్దు పెట్టుకుంది. నెత్తళ్లు రెండు పొట్లాలు కట్టింది, సమానంగా. ఎవరో వెనకాల నుంచి "ఆ గుంటకి నిజంగా తెలిసే సెప్పిందంటావా అప్పా?" అన్నారు. అప్ప నా వైపు చూసి, "సదువుకున్న గుంట తెలీకుండా సంతకం ఎడతాదేటి? తెలీకపోతే తెల్దని సెప్పదేటి?" అంది.

ఆ మాట నా నెత్తిన పిడుగులా పడింది. గార్డు పెట్టె మూత వేస్తున్నాడు. నేను వెళ్లి మూత మీద చెయ్యి పెట్టాను. "సార్, నాకు తెలీదు" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. "నాకు తెలీదు సార్. నేను వీడియో సగమే చూశాను. అవి మగవో ఆడవో నాకు నిజంగా తెలీదు. నేను డాక్టర్ని కూడా కాదు." అడక్కపోయినా ఆ చివరి మాట కూడా వచ్చేసింది. మేకల తాత "డాక్టరు కాదా? మరి నా మేక ఎలాగ బతికింది?" అని గట్టిగా అడిగాడు.

రేంజరు గారు నన్ను కిందా మీదా చూశారు. తిడతారనుకున్నాను. "కాగితం ఇంకా ఆఫీసులో ఇవ్వలేదులే" అని, జేబులోంచి తీసి, నాలుగు ముక్కలు చేసి పారేశారు. ఉడుముల్ని రెండు పెట్టెల్లోనే, కానీ ఒకే జీపులో, విజయనగరంలో పెద్ద డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లాం. అప్ప ముందు సీట్లో, నేను వెనక పెట్టెల మధ్య. పెద్ద డాక్టరు గారు స్కానింగు పెట్టి గంటసేపు చూశారు. ఆయన మొహం చూస్తుంటే నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే అచ్చం నా మొహం లాగే అయిపోయింది. చివరికి అద్దాలు తీసి, "ఇంత వయసులో ఖాయంగా చెప్పలేమమ్మా. గుడ్డు పెడితే ఆడది. అంతవరకూ తెలీదు" అని, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టారు. అంత పెద్దాయన ఎంత తేలిగ్గా రాసేశారో! రేంజరు గారు కాగితం చదువుకుని, "తెలిసే వరకూ ఒకచోట ఉంచి చూడాలి కదా మరి" అని నవ్వారు. ఆ రోజే జూ వాళ్లతో మాట్లాడి రెండింటినీ కలిపి పంపించారు.

ఏడాది తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బుల్లోడు గుడ్లు పెట్టాడు. నేను ఇంకా నవ్వుకుంటుండగానే వారానికి మళ్లీ ఫోన్. సిట్టి కూడా పెట్టింది. ఇద్దరూ ఆడపిల్లలే (మగతోడు లేకపోయినా కోడిపెట్టల్లాగే గుడ్లు పెడతాయట). ఆదివారం అప్పని బస్సెక్కించుకుని చూపించడానికి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆవిడ కొత్త వరస లెక్కలు కట్టింది. "నా ఇంటి గుంటా, నా తమ్ముడింటి గుంటా. అయితే వొదినా మరదళ్లే! అందుకేనమ్మా తిండి దగ్గర అంత దెబ్బలాడుకునీవోరు. నాను మొగుడూ పెళ్లాలు కదా, దెబ్బలాడుకుంటారులే అనుకునీదాన్ని."

జూలో జాలీ దగ్గర నిలబడి అప్ప చెయ్యి ఆనించింది. ఏమీ పెట్టకూడదని బోర్డు ఉంది, పెట్టలేదు. చేతికున్న వాసన చాలు. రెండూ నీళ్లతొట్టి వెనకాల నుంచి లేచి, నాలుకలు చాపుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాయి. బాగా ఎదిగాయి. అప్ప కళ్లు తుడుచుకుంటుంటే నాకూ ఆగలేదు. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగేశాను. "ఆ రోజు నేను చెప్పకపోయి ఉంటే ఏం చేసేదానివప్పా? నన్ను నమ్మి వీటిని చంపుకునేదానివి కదా."

"నమ్మడమేటి!" అంది అప్ప, జాలీ మీంచి చెయ్యి తియ్యకుండా. "సంతకం ఎడతన్నప్పుడు నీ సెయ్యి వొణికిపోయింది. నీకు తెల్దని నాకు అప్పుడే తెలిసిపోనాది. నలుగుర్లో నాను ఆ మాటంటే సిన్నపిల్లవి, సిగ్గుతో సచ్చిపోతావు. నీ నోటంట నువ్వే సెప్పుకుంటావులే అని సూసినాను."

"చెప్పకపోతే?"

"సెప్పకపోతే జీపుకి అడ్డంగా పడిపోదును. పిల్లల్నొగ్గీస్తానేటి?"

తిరుగు బస్సులో ఆవిడ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నేను నా కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాను. అంతమందిలో ఎవరికీ కనబడలేదనుకున్నాను ఆ వణుకు. ఇప్పుడు అప్పటి నేను, ఆ ఇరవై రెండేళ్ల పిల్ల, ఎక్కడైనా ఎదురుపడితే అప్పలాగే నేను కూడా తిట్టను. నవ్వు మాత్రం ఆపుకోలేను. నవ్వేసి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చెయ్యి కాసేపు పట్టుకుంటాను.